అలవాటైన చోటే మానాలి

ఒకాయన నెల రోజులు డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చాడు. ఒళ్లు తేరుకుంది, ఆకలి పుట్టింది, చేతుల వణుకు పోయింది. ఇంటికొచ్చిన మూడో రోజు, సరిగ్గా రోజూ తాగే వేళకి, రోజూ వెళ్లే వీధి మలుపు తిరిగాడు. అంతే, నాలుక పీకడం మొదలైంది. నెల రోజులూ లేని యావ ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడిందని ఇంట్లోవాళ్లు తల పట్టుకుంటారు. బుద్ధి మారలేదనేస్తారు. కానీ అతని బుద్ధికంటే ముందు ఆ వీధి మలుపు గురించి ఆలోచించాలి.

1982లో షెపర్డ్ సీగెల్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఎలుకల మీద ఒక ప్రయోగం చేశాడు. కొన్ని ఎలుకలకి హెరాయిన్ కొంచెం కొంచెంగా పెంచుతూ అలవాటు చేశారు. తర్వాత అన్నిటికీ ఒకేసారి చాలా పెద్ద మోతాదు ఎక్కించారు. అంతకుముందు హెరాయిన్ ఎరగని ఎలుకల్లో 96 శాతం చచ్చిపోయాయి. అలవాటు పడ్డవాటిలో, ఎప్పుడూ ఇచ్చే చోటే ఇచ్చినప్పుడు 32 శాతం పోతే, కొత్త చోట ఇచ్చినప్పుడు 64 శాతం పోయాయి. మత్తు అదే, మోతాదు అదే. మారింది చోటు ఒక్కటే.

మత్తు ఎక్కే చోటునీ వేళనీ మెదడు గుర్తుపెట్టుకుంటుంది. ఆ చోటికి రాగానే, రాబోయే మత్తుని తట్టుకోవడానికి శరీరాన్ని ఎదురు దిశలో సిద్ధం చేస్తుంది. అలవాటైన గదిలో ఆ సన్నాహమే ఎలుకల్ని చాలావరకు కాపాడింది. అదే సన్నాహం జరిగి, మత్తు మాత్రం అందకపోతే? ఒంట్లో ఏదో వెలితి, చిరాకు, గుండెదడ. యావ అని మనం పిలిచేది కొంతవరకు ఇదే. సెంటర్‌లో ఆ వీధీ లేదు, ఆ స్నేహితులూ లేరు, జీతం చేతికొచ్చిన సాయంత్రమూ లేదు. అక్కడ యావ తగ్గిందంటే అది తెగిపోయిందని కాదు, దాన్ని నిద్రలేపేవేవీ అక్కడ లేవని.

మనుషుల్లో దీనికి పెద్ద సాక్ష్యం వియత్నాం యుద్ధం నుంచి దొరికింది. 1971లో అక్కణ్ణుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల్ని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వరసగా కలిసి మాట్లాడింది. అక్కడుండగా సుమారు ఐదుగురిలో ఒకరు హెరాయిన్ లాంటి మత్తుకి బానిసలయ్యారు. వాళ్లలో స్వదేశం చేరిన మొదటి ఏడాదిలో మళ్లీ ఆ ఊబిలో పడ్డవాళ్లు 5 శాతమే. చాలామంది ఈ అంకెని నమ్మలేదు. కానీ వాళ్లు బానిసలైన చోటు వేరు, తిరిగొచ్చిన చోటు వేరు. మన ఇరుగుపొరుగులో మానేవాడికి ఆ అదృష్టం లేదు. ఎక్కడ అలవాటైందో అక్కడికే తిరిగి రావాలి.

అందుకే ఇంటి దగ్గరుంటూ, పని చేసుకుంటూ, వారానికి ఇన్నిసార్లని క్లినిక్‌కి వచ్చిపోయే వైద్యాన్ని తక్కువరకం అనుకోవడం పొరపాటు. అది చేయాల్సిన చోటే చేసే వైద్యం.

1973లో జార్జ్ హంట్, నేథన్ అజ్రిన్ అనే పరిశోధకులు దీన్ని చేసి చూపించారు. ఆస్పత్రిలో చేరిన 16 మంది తాగుడు రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మామూలు వైద్యంతో పాటు ఉద్యోగం వెతికిపెట్టారు, భార్యాభర్తల మధ్య మాటలు కలిపారు, ప్రకటనలు చూసుకోవడానికి పేపరు వేయించారు, ఫోన్ పెట్టించారు. నాకు మరీ నచ్చింది ఇంకొకటి. ఒక పాత బార్‌ని తీసుకుని తాగనివాళ్ల క్లబ్బుగా మార్చారు. అక్కడ పేకాట, పాటలు, కబుర్లు అన్నీ ఉండేవి. తాగొస్తే మాత్రం గుమ్మం దగ్గర్నుంచే పంపించేసేవారు. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లాక ఆరు నెలల్లో రెండో జట్టు 79 శాతం రోజులు తాగితే, ఈ జట్టు 14 శాతం రోజులే తాగింది. పదహారు మందితో చేసిన చిన్న ప్రయోగమే, కానీ ఆ తర్వాత వచ్చిన ఎన్నో పద్ధతులకి పునాది అయింది. తాగుడు తీసేస్తే మిగిలే ఖాళీలో ఏం పెట్టాలో అడిగిన ప్రయోగం అది.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు రేపట్నుంచి ముట్టనని ఒట్టేసి ఒంటరిగా ఆపేయడం ప్రమాదం. మొదటి రెండ్రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మతి తప్పడం, ఒళ్లు కాలిపోవడం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. వణుకూ చెమటలూ మరీ ఎక్కువ కానివాళ్లకి, కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంట్లో ఉంటే, డాక్టర్ రోజూ చూస్తూ మాత్రలతో ఇంటి దగ్గరే గట్టెక్కించగలరు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లు, గర్భిణులు, ఇంట్లో తోడు లేనివాళ్లు ఆస్పత్రిలో చేరాల్సిందే. హెరాయిన్ వాడేవాళ్లకి ఇంకో గండం ఉంది. కొన్నాళ్లు ఆపేశాక శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. అప్పుడు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

మందుల సాయమూ ఉంది. తాగుడుకి నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్, డైసల్ఫిరామ్. హెరాయిన్ లాంటివాటికి మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్. ఈ చివరి రెంటినీ ఒక మత్తు బదులు ఇంకో మత్తు అని తీసిపారేసేవాళ్లున్నారు. సూది కోసం పరుగులు పెట్టే మనిషి నిలకడగా పనికెళ్లి, రాత్రి కంటినిండా నిద్రపోతున్నాడంటే దాన్ని మత్తు అనడం అన్యాయం. డైసల్ఫిరామ్ సంగతి వేరు. అది వేసుకున్నాక తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. వేసుకోవడం మానేస్తే పనిచేయదు, దాని బలహీనత అదే. అజ్రిన్ 1976లో అందుకే ఆ మాత్రని ఇంట్లో ఒకరి చేతిమీదుగా ఇప్పించే పద్ధతి పెట్టాడు. పొద్దున్నే భార్య మాత్ర అందిస్తుంది, ఆయన ఆమె ఎదుటే మింగుతాడు. ఎన్నో ఏళ్లుగా "తాగొచ్చావా?" అన్న ప్రశ్న వినిపించిన ఇంట్లో, ఇప్పుడు రోజు ఇలా మొదలవుతుంది.

అయినా మళ్లీ ముట్టుకునే రోజు చాలామందికి వస్తుంది. బీపీ, ఆస్తమా రోగులు కూడా మధ్యలో మందులాపి మళ్లీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతారు, వాళ్లని ఎవరూ వెలేయరు. తాగినవాడు మాత్రం సిగ్గుతో క్లినిక్ వైపు చూడడం మానేస్తాడు. అక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. పనితెలిసిన కౌన్సెలర్ అలా వచ్చిన మనిషిని ఎందుకు తాగారని నిలదీయరు. కూర్చోబెట్టి, కాగితం తీసుకుని అడుగుతారు: "ఎన్ని గంటలకి? ఎక్కడ? పక్కన ఎవరున్నారు? దానికి గంట ముందు మీరేం చేస్తున్నారు?"