ఎక్స్‌రేలో మచ్చ, ఒంట్లో లేని జబ్బు

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పేరెత్తితే హైదరాబాదులో ఇప్పటికీ ముందు టీబీయే గుర్తొస్తుంది. అందుకే గల్ఫ్ మెడికల్‌కని తీయించుకున్న ఎక్స్‌రేలో ‘మచ్చ ఉంది’ అన్నారంటే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. ఆ మచ్చ ఒక్కోసారి జడ!

బిగించి అల్లిన జడ ఎక్స్‌కిరణాలను కొంత ఆపుతుంది. భుజం మీద పడి ఉంటే ఊపిరితిత్తి పైకొనలో తెల్లటి మసకలా కనబడుతుంది. పెద్దవాళ్లలో టీబీ తరచుగా కనిపించేదీ అక్కడే. నీడ ఊపిరితిత్తి హద్దు దాటి మెడ మీదికి సాగిందంటే జుట్టును అనుమానించాలి. నెత్తిన కొప్పు కట్టి మళ్లీ తీస్తే తేలిపోతుంది. నల్లపూసలు, తాయెత్తు, పిన్నీసు కూడా ముందే తీసేయాలి. రెండు వారాలు దాటిన దగ్గుంటే మాత్రం నెపం జడ మీదికి నెట్టకుండా తెమడ పరీక్ష చేయించాల్సిందే.

ఊపిరితిత్తి కింది భాగంలో 5 నుంచి 10 మిల్లీమీటర్ల గుండ్రటి చుక్క కనిపిస్తే అది చనుమొన నీడ కావచ్చు, మగవాళ్లలో కూడా. రెండువైపులా ఒకే ఎత్తులో ఉంటే గుర్తించడం తేలిక. చిక్కల్లా ఒక్కవైపే కనబడినప్పుడు. చనుమొన మీద చిన్న లోహపు పూసను టేపుతో అంటించి మళ్లీ తీస్తారు. పూస సరిగ్గా చుక్క మీద పడితే సరే, పక్కకు పడితే సీటీ స్కాన్ దాకా వెళ్లాలి.

‘గాలి పీల్చి బిగబట్టండి’ అని టెక్నీషియన్ అనేది మాటవరసకు కాదు. డయాఫ్రం (ఊపిరితిత్తుల అడుగునుండే కండరపు పొర) పైన ముందువైపైతే 6 పక్కటెముకలు, లేదా వెనకవైపైతే 9, 10 పక్కటెముకలు కనబడాలి. సగం ఊపిరితో తీస్తే అడుగున రక్తనాళాలు గుమిగూడి నెమ్ములా కనిపిస్తాయి, గుండె కూడా లావెక్కుతుంది. గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగం దాటకూడదన్న కొలత, ఛాతీని ప్లేటుకు ఆనించి నిలబడితే సుమారు 6 అడుగుల దూరం నుంచి తీసిన ఫిల్ముకే వర్తిస్తుంది. మంచం మీద ముందునుంచి తీసినప్పుడు గుండె ప్లేటుకు దూరంగా, ఎక్స్‌కిరణాలు వచ్చే ట్యూబుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి నీడ పెద్దదవుతుంది. దాన్ని చూసి గుండె పెరిగిందనడం తొందరపాటే.

పడుకున్న ముసలివాళ్ల చర్మపు ముడత ఫిల్ములో గీతలా పడితే మరీ ప్రమాదం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందనుకుని ఛాతీలోకి గొట్టం వేసే వీలుంది. ఆ గీతకు అవతల కూడా రక్తనాళాలు కనబడుతుంటే అది చాలావరకు ముడతే. పసిపిల్లల్లో గుండె పైన తెరచాపలా కనిపించేది థైమస్ గ్రంథి, గడ్డ కాదు.

పాత ఫిల్ములు పాతసామాన్లవాడికి వేయకండి. రెండేళ్ల కిందటి ఫిల్ములోనూ అదే చుక్క అంతే ఉంటే, డాక్టరు దాన్ని చూసే తీరే వేరు.