యోబు స్నేహితుల మీద దేవునికి కోపమెందుకు? అపోహలు - వాస్తవాలు

సంఘ కాపరిగా పరామర్శకు వెళ్లిన ఇళ్లలో యోబు పేరు వినిపించని రోజు తక్కువ. బైబిల్లోని యోబు గ్రంథం చెప్పేది అతని కథే: నీతిమంతుడై ఉండీ పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నాడు, ఓదార్చడానికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఆ కథ మీద అపోహలకూ కొదవ లేదు. (కింద బ్రాకెట్లలోని అంకెలు ఆ గ్రంథంలోని అధ్యాయం, వచనం.)

అపోహ: బాధలో దేవుణ్ణి నిలదీస్తే ఆయనకు కోపం వస్తుంది.

వాస్తవం: యోబు తను పుట్టిన రోజునే శపించాడు. దేవుడు నాకు అన్యాయం చేశాడని సూటిగానే అన్నాడు (19:6). 38వ అధ్యాయం నుంచి దేవుడు అతన్నీ గట్టిగానే ప్రశ్నించాడు. కానీ కోపం మండుతోందని చెప్పింది ఎలీఫజుతో. అతని మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద (42:7).

అపోహ: ఆ ముగ్గురూ మనసు లేనివాళ్లు.

వాస్తవం: కబురు తెలియగానే బయల్దేరి వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద నోరెత్తకుండా కూర్చున్నారు. మనలో ఎంతమంది అలా కూర్చోగలరు? నోరు తెరిచాకే చెడింది. నిరపరాధి ఎప్పుడైనా నశించాడా అని ఎలీఫజు మర్యాదగానే మొదలుపెట్టాడు. బిల్దదు అయితే పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రితో, వాళ్లు పాపం చేశారు కాబట్టే పోయారన్నట్టు మాట్లాడాడు (8:4). నీ దోషానికి ఈ శిక్ష తక్కువే అన్నాడు జోఫరు. కష్టం వచ్చిందంటే పాపం ఉండి తీరాలన్నది వాళ్ల లెక్క. పాపం కనబడకపోయేసరికి, 22వ అధ్యాయంలో ఎలీఫజు కల్పించేశాడు: దప్పిగొన్నవాడికి నీళ్లివ్వలేదట, విధవరాళ్లను వట్టి చేతులతో పంపేశాడట! ఒక్కదానికీ సాక్ష్యం లేదు. క్యాన్సర్ రోగి మంచం దగ్గర నిలబడి "ఒప్పుకోని పాపం ఏదో ఉంది" అనేవాళ్లు చేసేదీ ఇదే.

అపోహ: వాళ్లు చెప్పిందంతా అబద్ధం.

వాస్తవం: ఎలీఫజు మాటను (5:13) కొత్త నిబంధనలో అపొస్తలుడు పౌలే కొరింథీయులకు రాస్తూ వాడుకున్నాడు. మన ఇళ్లలో వాగ్దాన వచనంగా గోడకెక్కే "తుదకు నీవు మహాభివృద్ధి పొందుదువు" అన్నది బిల్దదు మాటే. పిల్లల గురించి ఆ మాట అన్న మూడు వచనాల తర్వాతే ఇదీ అన్నాడు, అదీ "నీవు పవిత్రుడవైతే" అని షరతు పెట్టి. క్యాలెండర్‌లో ఆ షరతు కనబడదు.

అపోహ: దేవుని పక్షాన మాట్లాడితే తప్పు దొర్లినా పర్వాలేదు.

వాస్తవం: దేవుని కోసమని అన్యాయంగా వాదిస్తారా, ఆయనే మిమ్మల్ని గద్దిస్తాడని యోబు ముందే హెచ్చరించాడు (13:7-10). జరిగిందీ అదే. దేవుడు మోపిన నేరం, తన గురించి సరైనది పలకలేదని. అందుకే ఏడు ఎద్దులు, ఏడు పొట్టేళ్లు తీసుకుని, ఎవరినైతే పాపి అన్నారో ఆ యోబు దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. అతను ప్రార్థిస్తేనే క్షమాపణ.

మరి ఆ ముగ్గురి తర్వాత మాట్లాడిన యువకుడు ఎలీహు సంగతేంటని బైబిల్ స్టడీలో ఎవరో ఒకరు అడుగుతారు. ఆరు అధ్యాయాలు మాట్లాడినా దేవుడు అతని పేరెత్తలేదు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. అంతకు మించి ఏం చెప్పినా అది మన ఊహే.