ఎయిర్‌ఫోర్స్ అంటే పైలట్ ఒక్కడేనా? పాలమూరు పిల్లల కోసం కొన్ని అపోహలు - వాస్తవాలు

వాయుసేనలో 20 ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీని చూసుకునే మెకానిక్‌గా చేసి మహబూబ్‌నగర్ వచ్చేశాను. పొద్దున గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను తరచూ అడిగేవే ఇవి.

అపోహ: పైలట్ కాకపోతే అక్కడ విలువ లేదు.

మొన్న ఒక ఇంటర్ పిల్లాడు "సార్, కళ్లద్దాలొచ్చినయ్, ఇగ నాకు ఎయిర్‌ఫోర్స్ లేనట్టే కదా" అన్నాడు. మొహం చిన్నబోయింది పాపం. పరిమితి లోపు అద్దాలు ఉన్నా గ్రౌండ్ ఉద్యోగాలకు వెళ్లొచ్చు నాయనా అని చెప్పాను. అవేం చిన్న ఉద్యోగాలు కావు. విమానం కదలాలంటే ముందు మేం సంతకం పెట్టాలి. ఫామ్ 700 అనే రిజిస్టర్ ఉంటుంది. ఇంజన్, ఎయిర్‌ఫ్రేమ్, ఎలక్ట్రికల్, ఆయుధాలు, ఎవరి భాగం వాళ్లు చూసి సంతకం చేశాకే పైలట్ దాన్ని చదివి, తానూ సంతకం పెట్టి నిచ్చెన ఎక్కుతారు.

ఒక రాత్రి షిఫ్టులో నా టూల్‌బాక్స్‌లో చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి లెక్కకు రాలేదు. వెంటనే చెప్పేశాను. విమానాన్ని ఆపేశారు. ప్యానెళ్లు విప్పి టార్చిలైట్లు పట్టుకుని రెండు గంటలు వెతికితే దొరికింది. ఎవరూ నన్ను తిట్టలేదు. భయపడి దాచి ఉంటే, గాలిలో అది విమానాన్ని తిప్పే కంట్రోల్ రాడ్ల మధ్య ఇరుక్కుంటే, పైకి వెళ్లిన మనిషి తిరిగొచ్చేవాడు కాదు. తప్పును దాచకుండా చెప్పే అలవాటు ఆ సర్వీసు నాకు నేర్పింది. అంతకంటే పెద్ద చదువు నేను చదవలేదు.

అపోహ: కొత్త విమానాలు కొంటే బలం దానంతటదే పెరుగుతుంది.

విమానాల కొరత నిజమే. మంజూరైన 42 ఫైటర్ స్క్వాడ్రన్ల (యుద్ధ విమానాల దళాల) కంటే మనకున్నవి తక్కువ. 2025 సెప్టెంబర్ 26న పాత ఫైటర్ విమానం మిగ్-21 కూడా రిటైరైంది. కానీ కొన్న రోజే విమానం యుద్ధానికి పనికిరాదు. ఫ్రాన్స్ ఫైటర్ విమానాలు 36 రఫేల్‌ల ఒప్పందం 2016లో అయితే, మొదటి 5 అంబాలా ఎయిర్‌బేస్‌లో దిగింది 2020 జులై 29న. ఈలోగా మన పైలట్లు, టెక్నీషియన్లు ఫ్రాన్స్ వెళ్లి నేర్చుకున్నారు. హైదరాబాద్ దగ్గర దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పిలాటస్ అనే శిక్షణ విమానం మీద మొదలుపెట్టిన క్యాడెట్ హాక్ అనే శిక్షణ జెట్ దాకా వచ్చి స్క్వాడ్రన్‌లో చేరినా, వెంటనే యుద్ధ బాధ్యత ఇవ్వరు. మనిషి తయారవడానికి ఏళ్లు పడుతుంది.

అపోహ: వ్యూహం పెద్ద ఆఫీసర్ల పని, కింది వాళ్లకేం సంబంధం?

వ్యూహాలు చదువుకోవడానికి సికింద్రాబాద్‌లో కాలేజ్ ఆఫ్ ఎయిర్ వార్‌ఫేర్ ఉంది. అయితే దిగిన విమానానికి ఇంధనం నింపి, ఆయుధాలు బిగించి ఎంతసేపట్లో మళ్లీ లేపగలమన్నది తేల్చేది ఎయిర్‌మెన్, అంటే ఆఫీసర్లు కాని మాలాంటి సిబ్బంది. ఆ లెక్క తప్పితే మ్యాప్ మీద గీసిన ప్లాన్ మ్యాప్ మీదే ఉంటుంది. డ్రోన్లు, మిసైళ్లు, నిఘా చూసే ఆఫీసర్ల కోసం 2022లో వెపన్ సిస్టమ్స్ బ్రాంచ్ ప్రకటించారు. దాని స్కూల్ మన బేగంపేటలోనే ఉంది.

అపోహ: ఆడపిల్లలకు ఫైటర్ విమానాలు ఇవ్వరు.

2016 జూన్ 18న దుండిగల్‌లోనే ముగ్గురు అమ్మాయిలు ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చారు.

అపోహ: పైసలు పెడితేనే సెలెక్షన్.

దేవరకొండ వైపు నుంచి ఒక తండ్రి వచ్చాడు. కొడుకు ఉద్యోగం కోసమని పొలం తాకట్టు పెట్టి ఏజెంటుకు ఇచ్చాడట. ఆ మాట వింటే కడుపు తరుక్కుపోయింది. అగ్నివీర్ వాయుకు, అంటే వాయుసేనలో అగ్నిపథ్ కింద జరిగే భర్తీకి, ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. అబ్బాయిలు 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి. తర్వాత మెడికల్. సర్వీసు నాలుగేళ్లు, ఆ తర్వాత 25 శాతం వరకే ఉంచుకుంటారు. ఇది ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, నాకు చెప్పండి. పోలీస్ స్టేషన్‌కు మీతో నేనూ వస్తాను.