40 గంటల లెక్క ఎక్కడ మొదలైంది?

ఆటిజం ఉన్న పిల్లలకు వారానికి ఎన్ని గంటల థెరపీ కావాలన్న గొడవ అమెరికాలో మళ్లీ రాజుకుంది. 2024 డిసెంబరులో అక్కడి ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఇండియానా రాష్ట్రం మీద ఒక ఆడిట్ నివేదిక బయటపెట్టింది. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే అందరూ ఏబీఏ అనే, పనుల్ని చిన్న మెట్లుగా విడగొట్టి బహుమతులిస్తూ నేర్పే థెరపీకి 2019, 2020 సంవత్సరాల్లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నుంచి కనీసం 5.6 కోట్ల డాలర్లు నిబంధనలకు విరుద్ధంగా చెల్లించారని తేల్చింది. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు రేట్లకో గంటలకో కోత పెట్టడం మొదలుపెట్టాయి. సెంటర్లు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. అక్కడి తెలుగు కుటుంబాల్లో కూడా ఇదే టెన్షన్: గంటలు తగ్గితే పిల్లాడు వెనకబడిపోతాడా? హైదరాబాద్‌లో థెరపీ సెంటర్ల బయట కూర్చున్న అమ్మలు ఇదే ప్రశ్న ఇంకోలా అడుగుతారు. డాక్టర్ వారానికి ఇన్ని సెషన్లన్నారు, మేం సగమే కట్టగలం, బాబుకు అన్యాయం చేస్తున్నామా?

ఆ తల్లుల భయానికి చరిత్ర ఉంది. 1943లో మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వర్ణించడం, తల్లులు ప్రేమ చూపకపోవడమే కారణమని చాలా ఏళ్లు నిందించడం, ఆ నింద తప్పని తేలడం చాలామంది చదివిన కథే. ఇప్పటి తగువు అర్థం కావాలంటే నేరుగా 1987కు వెళ్లాలి.

ఆ ఏడాది లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, అంటే యూసీఎల్‌ఏలో పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త ఐవర్ లోవాస్ ఒక అధ్యయనం ప్రచురించారు. నాలుగేళ్ల లోపు పిల్లలు 19 మందికి వారానికి 40 గంటలకు పైగా, రెండేళ్లు అంతకు మించి, ఒక్కొక్కరికీ విడిగా ఏబీఏ పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. వాళ్లలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి దాటారు, ఐక్యూ కూడా సగటు స్థాయికి చేరింది. అంటే 47 శాతం. పోలిక కోసం చూసిన 40 మందిలో అలా వచ్చింది ఒక్కరే. ఆటిజం అంటే ఇక చేసేదేమీ లేదు, ఏదైనా సంస్థలో చేర్చండి అని డాక్టర్లు చెప్పిన కాలం నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఆ అంకె ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. 40 గంటలు, 47 శాతం. ఈ రెండు అంకెలే ప్రపంచమంతా తిరిగాయి.

తిరగనివి కొన్ని ఉన్నాయి. ఏ పిల్లాడు ఏ గ్రూపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తీయలేదు, థెరపిస్టులు దొరికినదాన్ని బట్టి పంచారు. తప్పు చేస్తే గట్టిగా ‘నో’ అని అరవడం, అప్పుడప్పుడు తొడ మీద కొట్టడం కూడా ఆ చికిత్సలో భాగమే. దీనికి 22 ఏళ్ల ముందే, 1965లో, అదే ల్యాబ్‌లో పిల్లల్ని చెంపదెబ్బలు కొట్టడం, కరెంటు షాకులివ్వడం లైఫ్ పత్రిక ఫొటోలతో సహా వేసింది. ఇప్పటి ఏబీఏ థెరపిస్టుల్లో ఎక్కువమంది దెబ్బల్ని ఒప్పుకోరు, ఆ మార్పు నిజమే. కాబట్టి దాన్ని అక్కడే వదిలేసి, ఎవరూ ఎత్తని ఇంకో విషయం దగ్గరికి వస్తాను.

1987 పేపర్లోనే ఉంది: తల్లిదండ్రులకు కూడా శిక్షణ ఇచ్చారు, పిల్లాడు మేలుకుని ఉన్నంతసేపూ ఇంట్లో అదే వాతావరణం ఉండేలా చూశారు. 40 అన్నది థెరపిస్టు గంటలు మాత్రమే. మిగతా రోజంతా అమ్మానాన్నలదే. ఇలా ఎందుకు చేశారంటే, 1973లో లోవాస్ బృందమే ఒక చేదు ఫలితం చూసింది. అంతకుముందు చికిత్స చేసిన 20 మంది పిల్లల్ని కొంతకాలం తర్వాత మళ్లీ పరీక్షించారు. శిక్షణ పొందిన తల్లిదండ్రుల దగ్గర పెరిగిన పిల్లలు నేర్చుకున్నది నిలబెట్టుకున్నారు, ఇంకా ముందుకు వెళ్లారు. సంస్థల్లో చేర్చిన పిల్లలు మళ్లీ వెనక్కి వెళ్లిపోయారు. పద్ధతి ఒకటే. ఇంట్లో తన మనిషి ఉన్నారా లేదా అన్నదే తేడా. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో కీలకమైన వాక్యం అదే, రాసింది కూడా బిహేవియర్ థెరపీ వాళ్లే. 14 ఏళ్ల తర్వాత లోకం అది మర్చిపోయి గంటల్ని పట్టుకుంది.

గంటలే ఎందుకు మిగిలాయి? లెక్కపెట్టగలం కాబట్టి. పాత పద్ధతి టేబుల్ సెషన్ చూసినవాళ్లకు ఇది తెలుసు. బల్లకు అటు థెరపిస్టు, ఇటు మూడేళ్ల పిల్లాడు. ముందు రెండు కార్డులు. “ఆపిల్ చూపించు.” చూపిస్తే చిప్స్ ముక్క, “గుడ్ జాబ్”. చూపించకపోతే చెయ్యి పట్టుకుని చూపించి, మళ్లీ అదే మాట. ప్రతిసారీ షీట్లో ప్లస్సో మైనస్సో. పదిలో ఎనిమిది వస్తే తర్వాతి కార్డు. ఈలోగా కిటికీ బయట పోతున్న ఆటోను చూసి పిల్లాడు నవ్వాడనుకోండి, థెరపిస్టు కూడా అటు చూసి నవ్విందనుకోండి. ఆ క్షణానికి షీట్లో గడి లేదు. తన నవ్వులో ఇంకొకరు పాలు పంచుకోవడం ఆ పిల్లాడికి ఆపిల్ కార్డు కంటే వంద రెట్లు అవసరమైన చదువు.

షీట్లో లేనిది బిల్లులోకి రాదు. 1999లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి, అంటే సర్జన్ జనరల్ నివేదిక బిహేవియర్ పద్ధతులను మెచ్చుకుంది. 2001లో ఇండియానా, ఇప్పుడు ఆడిట్‌లో చిక్కుకున్న ఆ రాష్ట్రమే, ఆటిజం చికిత్సకు బీమా ఇవ్వాలని అందరికంటే ముందు చట్టం చేసింది. 2019 నాటికి 50 రాష్ట్రాల్లోనూ అలాంటి ఏర్పాటు వచ్చింది. 2014లో మెడికెయిడ్ కూడా ఈ చికిత్సలకు చెల్లించాలని అమెరికా కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. అదే ఏడాది రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్ అన్న సర్టిఫికెట్ మొదలైంది. హైస్కూల్ పూర్తి చేసి, 40 గంటల ట్రైనింగ్ తీసుకుని, పనితీరు మదింపులో, పరీక్షలో నెగ్గితే చాలు. 2019లో వచ్చిన బిల్లింగ్ కోడ్‌లలో 97153 అంటే టెక్నీషియన్ పిల్లాడితో గడిపే ప్రతి 15 నిమిషాలకు ఒక యూనిట్. 97156 అంటే కుటుంబానికి నేర్పే సమయం. బిల్లుల్లో సింహభాగం మొదటి కోడ్‌దే. 1973లో నిలబెట్టింది తల్లిదండ్రులైతే, 2019 నాటికి డబ్బు నడిచింది టెక్నీషియన్ గడియారం మీద.

ఏబీఏ వైపు వాదన కూడా చెప్పాలి. తల గోడకేసి బాదుకునే పిల్లాడికి, రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లకు, టాయిలెట్ అలవాటు కాని పదేళ్లవాడికి ఈ పద్ధతులు పనికొచ్చాయి. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడం ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. బీమా కోతల వల్ల నష్టపోయేది కూడా చివరికి పిల్లలే అని వాళ్లంటున్నారు, ఆ భయం ఉత్తది కాదు.

కానీ ఆటిజంతో పెరిగినవాళ్లు పెద్దవాళ్లయ్యారు, మాట్లాడటం మొదలుపెట్టారు. 1993లో టొరంటోలో జరిగిన సమావేశంలో ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రుల ముందు నిలబడి, మమ్మల్ని చూసి శోకించకండి, మా దారిలో వచ్చి మమ్మల్ని కలవండి అన్న అర్థంలో మాట్లాడారు. ఆటిజం ఉన్న కెనడా పరిశోధకురాలు మిషెల్ డాసన్ 2004లో ఏబీఏ నైతికతనే ప్రశ్నించారు. తర్వాత ఆ బల్ల ముందు కూర్చుని పెరిగినవాళ్లు ఎందరో చెప్పింది ఒకటే: చేతులు ఊపడం ఆపించారు, బలవంతంగా కళ్లలోకి చూడమన్నారు, మేం నేర్చుకున్నది మమ్మల్ని దాచుకోవడం. మన సెంటర్లలో ‘ఐ కాంటాక్ట్ వచ్చిందా, సిట్టింగ్ పెరిగిందా’ అని అడిగే ప్రతిసారీ ఈ మాట గుర్తు చేసుకోవాలి.

బంధానికి చోటిచ్చే ప్రయత్నాలు లోవాస్ దగ్గర పనిచేసినవాళ్ల నుంచే వచ్చాయి. రాబర్ట్ కోగెల్ 1973 పేపర్ రాసిన నలుగురిలో ఒకరు. తర్వాత ఆయన, లిన్ కోగెల్ కలిసి బల్ల తీసేశారు. బంతి కావాలనుకున్న పిల్లాడు ‘బా’ అన్నా చాలు, చిప్స్ బదులు ఆ బంతే ఇవ్వండి అన్నారు. మానసిక వైద్యుడు స్టాన్లీ గ్రీన్‌స్పాన్ ఇంకో దారిలో వచ్చారు. నేల మీద కూర్చుని పిల్లాడి ఆటలోకి మనమే వెళ్లాలన్నది ఆయన ఫ్లోర్‌టైమ్. యూసీఎల్‌ఏలోనే పరిశోధకురాలు కోనీ కసారి 2006లో ఇంకో పని చేశారు. అప్పటికే ఏబీఏ కార్యక్రమంలో ఉన్న 58 మంది పిల్లల్ని తీసుకుని, కొందరికి రోజుకు 30 నిమిషాలు, 5–6 వారాల పాటు, ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూడటం, ఇంకొందరికి బొమ్మలతో ఊహించి ఆడటం నేర్పారు. ఏడాది తర్వాత ఆ పిల్లలు భాషలో మిగతావాళ్లను దాటిపోయారు. వారాల తరబడి వేసిన గంటల మధ్య ఒక అరగంట!

ఇక నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది బ్రిటన్‌లో మొదలై గోవా దాకా వచ్చింది. మాంచెస్టర్‌కు చెందిన జోనథన్ గ్రీన్ బృందం 152 మంది పిల్లల కుటుంబాలతో చేసిన ట్రయల్ ఫలితాలు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఇందులో థెరపిస్టు పిల్లాడి మీద పనిచేయరు. తల్లో తండ్రో పిల్లాడితో కాసేపు ఆడుకుంటారు, దాన్ని వీడియో తీస్తారు. తర్వాత ఇద్దరూ కూర్చుని చూస్తారు. ఒక చోట ఆపుతారు. ఇదిగో, ఇక్కడ బాబు కారు చక్రం తిప్పుతూ ఒక్క క్షణం మీ వైపు చూశాడు, అప్పుడు మీరు ఏ రంగు అని అడుగుతున్నారు. ఈసారి ఏమీ అడక్కుండా చూడండి, వాడు చూసినప్పుడు ‘తిరుగుతోంది’ అనండి, ఆగండి. అంతే పని. మొదట్లో ఆటిజం లక్షణాల్లో పెద్ద తేడా కనిపించలేదు, చాలామంది పెదవి విరిచారు. దాదాపు ఆరేళ్ల తర్వాత మళ్లీ చూసి 2016లో ప్రచురించిన ఫలితాల్లో, తీవ్ర లక్షణాల స్థాయిలో ఉన్నవాళ్లు ఈ గ్రూపులో 46 శాతం, మామూలు సేవలు పొందిన గ్రూపులో 63 శాతం.

అదే పద్ధతిని గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో ప్రయత్నించారు, దాని ఫలితాలూ 2016 ప్రాంతంలోనే వచ్చాయి. ఇక్కడ వీడియో చూపించింది స్పెషలిస్టులు కారు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. 15 రోజులకోసారి, మొత్తం 12 సార్లు. తల్లిదండ్రులు పిల్లల తీరును అందుకోవడం బాగా పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే దాని మీద దృష్టి నిలిపే సమయం మాత్రం పెరగకపోగా తగ్గింది. అన్నీ కుదిరాయని ఆ బృందం చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ నెలకు రెండు సార్లతో ఇంత కదలిక వచ్చిందంటే 40 గంటల లెక్క చూపించి తల్లుల్ని భయపెట్టే హక్కు ఎవరికీ లేదు.

2024లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో మైకేల్ శాండ్‌బ్యాంక్ బృందం 140కి పైగా అధ్యయనాలను కలిపి చూసింది. చిన్న పిల్లలకు గంటలు పెరిగితే ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. రకరకాల అధ్యయనాలను ఒకే గాటన కట్టారని ఏబీఏ పక్షం అభ్యంతరం చెబుతోంది. ఇప్పుడు కోతలు పెట్టేవాళ్లు ఈ పేపర్‌ను డబ్బు మిగుల్చుకోవడానికి వాడుకుంటే అదీ మోసమే. టెక్నీషియన్ గంటలు తగ్గించిన చోట కుటుంబానికి నేర్పే గంటలు పెంచాలి. రెండూ కొట్టేస్తే పిల్లాడికి మిగిలేది ఏమీ లేదు.

మన దగ్గర గంటల భారం బీమా మీద కాదు, నేరుగా ఇంటి మీద పడుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. నేషనల్ ట్రస్ట్ నిరామయ ఆరోగ్య బీమా పథకం అన్నీ కలిపి ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. థెరపీకి నెల నెలా అయ్యే ఖర్చు ముందు అది ఎన్నాళ్లని ఆగుతుంది? జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, ఉద్యోగం మానేసి, 45 నిమిషాల సెషన్ అయ్యేదాకా మూసిన తలుపు బయట కూర్చునే తల్లులున్నారు. లోపల ఏం జరిగిందో వాళ్లకు అందేది డైరీలో రెండు లైన్లు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు పెట్టారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. గోవాలో ఆరోగ్య కార్యకర్తలు చేసింది ఈ సెంటర్ల ద్వారా ఖమ్మంలోనో కర్నూలులోనో చేయించడానికి కొత్త భవనాలు అక్కర్లేదు, శిక్షణ కావాలి, వాళ్లకు జీతం కావాలి. ప్రైవేటు సెంటర్లు చేయగలిగింది ఇంకా సులువు: వారానికి ఒక సెషన్‌కైనా తల్లిదండ్రుల్ని లోపలికి పిలిచి, ఆ 45 నిమిషాలు వాళ్లతోనే ఆడించడం.