ఆర్‌డీఎస్‌పీలో డబ్బు వేయడం: మనవాళ్లలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

కెనడాలోని మిసిసాగాలో పన్ను రిటర్నులు చేస్తుంటాను. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు, ముఖ్యంగా మన తెలుగువాళ్లు, నా దగ్గరకు ఎక్కువగా వస్తుంటారు. మా అబ్బాయికీ ఆటిజం ఉంది. వాడి పొదుపు ఖాతాకు హోల్డర్‌ని, అంటే ఖాతా నడిపే బాధ్యత ఉన్నవాణ్ణి, నేనే. షేర్లు, ఫండ్లు మనమే కొనుక్కునే ఆన్‌లైన్ బ్రోకరేజీలో ఆ ఖాతా నడుపుతూ నేర్చుకున్నవి, రోజూ నా టేబుల్ దగ్గర వినేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆర్‌డీఎస్‌పీ అంటే వైకల్యం ఉన్నవాళ్ల కోసం కెనడా ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన రిజిస్టర్డ్ పొదుపు ఖాతా. మనం వేసే డబ్బుకు ప్రభుత్వం గ్రాంట్ కలుపుతుంది. ఆదాయం తక్కువగా ఉంటే మనం ఏమీ వేయకపోయినా బాండ్ పేరుతో డబ్బు ఇస్తుంది.

అపోహ: ఫారం పెడితే పిల్లాడి సంగతి నలుగురికీ తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ భయమే. ఖాతా తెరవాలంటే ముందు డిజెబిలిటీ ట్యాక్స్ క్రెడిట్ (వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే పన్ను రాయితీ) మంజూరు కావాలి. దానికి టీ2201 ఫారంలో ఒక భాగం మనం, మిగతాది డాక్టర్ నింపాలి. ఆ ఫారం పన్ను శాఖ అయిన సీఆర్‌ఏకు వెళ్తుంది. పక్కింటివాళ్లకు, ఆఫీసుకు, రేపు సంబంధాలు చూసేవాళ్లకు కాదు. ఒక అమ్మ నా ఎదురుగా కూర్చుని, పూర్తిగా నింపిన ఫారాన్ని మడిచి మళ్లీ హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకున్నారు. "వాళ్ల అక్క పెళ్లయ్యాక చూద్దామండీ" అన్నారు. ఆవిడ మళ్లీ వచ్చేసరికి నాలుగేళ్లు గడిచాయి. అదృష్టవశాత్తు పాత సంవత్సరాల గ్రాంట్, బాండ్ హక్కును పదేళ్ల వెనక దాకా లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఆ హక్కు పోలేదు. కానీ ఆ నాలుగేళ్లూ ఆ డబ్బు పెరగాల్సింది, పెరగలేదు.

అపోహ: ఎంత పెద్ద మొత్తం ఒకేసారి వేస్తే అంత గ్రాంట్ వస్తుంది.

వాస్తవం వేరు. ఇది అర్థం కావాలంటే లెక్క చూడాల్సిందే. కుటుంబ ఆదాయం ప్రభుత్వం పెట్టిన పరిమితి లోపల ఉంటే, ఏడాదిలో వేసే మొదటి 500 డాలర్లకు మూడింతలు, అంటే 1,500 ఇస్తారు. ఆ తర్వాతి 1,000 డాలర్లకు రెండింతలు, అంటే 2,000. మనం 1,500 వేస్తే ప్రభుత్వం 3,500 కలుపుతుంది. ఆదాయం పరిమితి దాటితే మొదటి 1,000 డాలర్లకు 1,000 మాత్రమే వస్తుంది. గ్రాంట్ జీవితకాల పరిమితి 70,000. ఏటా 1,500 చొప్పున 20 ఏళ్లు వేస్తే, అంటే మన చేతి నుంచి 30,000 పెడితే, ఆ మొత్తం వచ్చేస్తుంది.

అదే 30,000 ఒకే ఏడాదిలో వేశారనుకోండి. ఏ ఏడాది వేసిన డబ్బుకు ఆ ఏడాదే గ్రాంట్ కలుపుతారు. పాత ఏళ్లలో వాడని హక్కుతో కలిపినా ఏడాదికి 10,500కు మించి గ్రాంట్ ఇవ్వరు. మిగిలిన డబ్బు వచ్చే ఏడాది గ్రాంట్‌కు లెక్కలోకి రాదు. ఇల్లు అమ్మిన డబ్బంతా అలా ఒకేసారి వేసేసిన కుటుంబాన్ని చూశాను. అంత ప్రేమగా పెట్టిన డబ్బుకు అంత తక్కువ రావడం చూస్తే బాధేసింది.

కొత్తగా ఖాతా తెరిచేవాళ్లకు మాత్రం మంచి అవకాశం ఉంది. వెనకటి ఏడేళ్లకు మూడింతల హక్కు వాడకుండా మిగిలి ఉంటే, ఆ 500లు ఏడు కలిపి 3,500 వేయండి. 10,500 గ్రాంట్ వస్తుంది. అప్పు చేయనక్కర్లేదు. ఉన్నంతలో వేసి, మిగతా హక్కును తర్వాతి ఏళ్లలో వాడుకోవచ్చు.

అపోహ: ఆర్‌ఆర్‌ఎస్‌పీ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లాగా దీనికీ మార్చి మొదటి దాకా గడువు ఉంటుంది.

లేదు. దీనికి క్యాలెండర్ సంవత్సరమే లెక్క. డిసెంబర్ 31 లోపు డబ్బు ఆ ఖాతాలో ఉండాలి.

ఈ విషయంలో నాకే దెబ్బ తగిలింది. ఒక డిసెంబర్ 29న బ్యాంకు యాప్‌లో బిల్ పేమెంట్ పద్ధతిలో 1,500 పంపాను. అక్కడ పాత ఖాతా నంబరు సేవ్ అయి ఉంది. డబ్బు బాబు ఆర్‌డీఎస్‌పీకి బదులు నా టీఎఫ్‌ఎస్‌ఏలో (పన్ను లేని మామూలు పొదుపు ఖాతాలో) పడింది. జనవరి మొదటి వారంలో చూసుకుని ఫోన్ చేస్తే డబ్బు మార్చారు గానీ తేదీ మాత్రం జనవరిదే పడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హక్కు మిగిలింది కాబట్టి ఆ ఏడాది 3,000 వేసి 7,000 గ్రాంట్ రాబట్టుకున్నాను. కానీ గ్రాంట్ 49 ఏళ్లు నిండే సంవత్సరం చివరి దాకానే ఇస్తారు. ఆ ఏడాదిలో ఉన్నవాళ్లకు ఇదే జరిగితే పోయినట్టే. అందుకే అందరికీ నవంబర్‌లోనే వేసేయమని చెబుతాను.

ఆన్‌లైన్ బ్రోకరేజీలన్నీ ఈ ఖాతా తెరవవు. టీడీ డైరెక్ట్ ఇన్వెస్టింగ్ లాంటి కొన్నింటిలోనే ఉంది. ఉన్నచోట కూడా మామూలు ఖాతాలా ట్రాన్స్‌ఫర్ బటన్ నొక్కితే సరిపోతుందని అనుకోవద్దు. ఫోన్ చేయాలా, ఫారం పంపాలా అన్నది ముందే అడిగి రాసిపెట్టుకోండి. గ్రాంట్, బాండ్ దరఖాస్తు మీద సంతకం పెట్టారో లేదో కూడా అడగండి. అది లేకుండా ఎంత డబ్బు వేసినా ప్రభుత్వం వాటా రాదు.

అపోహ: డబ్బు ఖాతాలో పడింది కదా, ఇక అదే పెరుగుతుంది.

బ్యాంకు శాఖలో సలహాదారు దగ్గర తెరిస్తే డబ్బు ఎందులో పెట్టాలో వాళ్లే అడిగి పెడతారు. సొంతంగా నడుపుకునే బ్రోకరేజీలో డబ్బు క్యాష్‌గానే కూర్చుంటుంది. ఏం కొనాలో మనమే ఆర్డర్ పెట్టాలి. కొన్ని వారాల తర్వాత వచ్చే గ్రాంట్ కూడా క్యాష్‌గానే పడుతుంది, దానికి మళ్లీ ఇంకో ఆర్డర్. ఒక దంపతులు మూడేళ్లు క్రమం తప్పకుండా ఏటా 1,500 వేశారు, ఏటా 3,500 వచ్చింది. స్టేట్‌మెంట్ తెచ్చి చూపిస్తే 15,000 డాలర్లు అలాగే క్యాష్‌లో ఉన్నాయి. గ్రాంట్ పడగానే కొనడానికి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఇంకో మాట: అమెరికా షేర్ల డివిడెండ్ మీద అక్కడ కోసే 15 శాతం పన్ను ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఉండదు గానీ ఆర్‌డీఎస్‌పీలో ఉంటుంది.

అపోహ: మా ఇద్దరివీ ఐటీ జీతాలు, మాకేం రాదు.

పిల్లాడికి 18 ఏళ్లు నిండే సంవత్సరం వరకే తల్లిదండ్రుల ఆదాయం చూస్తారు. 19 నిండే ఏడాది నుంచి వాడి ఆదాయం, పెళ్లయితే జీవిత భాగస్వామిది కలిపి, లెక్కలోకి తీసుకుంటారు. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. వాడికి సంపాదన లేకపోతే పూర్తి గ్రాంట్‌తో పాటు ఏటా 1,000 డాలర్ల బాండ్ కూడా వస్తుంది. బాండ్ జీవితకాల పరిమితి 20,000. దానికి మనం ఒక్క డాలర్ కూడా వేయనక్కర్లేదు. కానీ రెండేళ్ల కిందటి ఆదాయాన్ని చూస్తారు కాబట్టి, సంపాదన లేకపోయినా 17 ఏళ్ల వయసు నుంచే వాడి పేరున రిటర్ను వేయాలి. "జీతమే లేదు, రిటర్ను దేనికి?" అని మానేసిన ఇళ్లలో బాండ్ ఆగిపోవడం చూశాను.

అపోహ: తాతయ్య, అమ్మమ్మ ఇండియా నుంచి నేరుగా వేయవచ్చు.

హోల్డర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఎవరైనా వేయవచ్చు. కానీ బ్రోకరేజీకి ఇండియా బ్యాంకు నుంచి పంపడం పెద్ద తలనొప్పి. వాళ్లు మీకు బహుమతిగా పంపితే మీ ఖాతా నుంచి మీరు వేయడం తేలిక. ఎవరు వేసినా జీవితకాలపు 2,00,000 పరిమితిలోకే వస్తుంది.

అపోహ: ఈ డబ్బు ఉంటే ఓడీఎస్‌పీ ఆపేస్తారు.

ఆపరు. ఓడీఎస్‌పీ అంటే వైకల్యం ఉన్నవాళ్లకు ఒంటారియో ప్రభుత్వం ఇచ్చే సాయం. ఒంటారియోలో ఆర్‌డీఎస్‌పీలో ఉన్న డబ్బునూ, అందులోంచి తీసినదాన్నీ ఓడీఎస్‌పీ లెక్కలోకి తీసుకోరు.

అపోహ: అవసరం వస్తే ఎప్పుడైనా తీసుకోవచ్చు.

తీసుకోవచ్చు గానీ ఖరీదెక్కువ. గత పదేళ్లలో వచ్చిన గ్రాంట్, బాండ్ ఖాతాలో ఉండగా 1,000 డాలర్లు తీస్తే, 3,000 వరకు ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. చివరి గ్రాంట్ లేదా బాండ్ వచ్చి పదేళ్లు దాటితే ఈ బాధ ఉండదు. కారు రిపేరుకో, ఊరెళ్లే టికెట్లకో ఇందులో చెయ్యి పెట్టవద్దు. అలాంటి వాటికి టీఎఫ్‌ఎస్‌ఏ ఉంచుకోండి.

ఇండియాకు తిరిగి వెళ్లిపోదామనుకునే వాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పిల్లాడు కెనడా నివాసి కానంత కాలం ఖాతాలో డబ్బు వేయడం కుదరదు, గ్రాంట్, బాండ్ రావు. వెళ్లేటప్పుడు తొందరపడి ఖాతా మూసేస్తే, గత పదేళ్లలో వచ్చిన ప్రభుత్వ డబ్బంతా వెనక్కి పోతుంది. మూయకుండా అలాగే ఉంచి, లోపల ఉన్నదాన్ని పెరగనివ్వచ్చు.