ఫార్మకాలజీ చదివితే ఉద్యోగం ఉండదా? అపోహలు - వాస్తవాలు

అడ్మిషన్లు మొదలైతే చాలు, తిరుపతిలో మా డిపార్ట్‌మెంట్ బయట బెంచీ మీద ఎవరో ఒక తండ్రి కూర్చుని ఉంటాడు. "ఇది చదివితే మెడికల్ షాపేనా మేడం?" అని అడుగుతాడు. కాదండీ. షాపుకైతే డి.ఫార్మసీ చేసి ఫార్మసిస్ట్‌గా రిజిస్టర్ అయితే సరిపోతుంది. మందు ఒంట్లో ఏం చేస్తుంది, ఒళ్ళు ఆ మందును ఏం చేస్తుంది అన్నదే ఫార్మకాలజీ. ఎంబీబీఎస్ వాళ్ళకు మూడేళ్ళ ఎండీ, బి.ఫార్మసీ వాళ్ళకు రెండేళ్ళ ఎం.ఫార్మసీ. ఎం.ఫార్మసీ చేసినవాళ్ళు ప్రిస్క్రిప్షన్ రాయకూడదు, రాయొచ్చని ఎవరన్నా నమ్మకండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు ఫార్మకాలజీయే చదవాలని లేదు, బి.ఫార్మసీతోనే అప్లై చేయొచ్చు.

వీటివల్ల పెద్ద నష్టమేమీ లేదు. పిల్లల్ని ముంచేది ఇంకొకటి ఉంది: మందుల పేర్లు బట్టీ కొట్టి పాసైపోతే చాలు, తర్వాత ఏదో ఫార్మకోవిజిలెన్స్ (మందులవల్ల వచ్చే ఇబ్బందుల్ని గమనించి లెక్క తేల్చే పని) కోర్సులో చేరితే ఉద్యోగం అదే వస్తుందనుకోవడం.

పోయినేడు పుత్తూరు నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి ఎం.ఫార్మసీ అయిపోయింది, మూడు ఇంటర్వ్యూలు పోయాయి. "గొలుసు కుదవబెట్టి ఫీజు కట్టినాను మేడం, ఉద్యోగం గ్యారంటీ అని చెప్పినారు" అంటూ ప్లాస్టిక్ కవర్లోంచి సర్టిఫికెట్ తీసి నా చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. బీపీ మందు ఎనలాప్రిల్ వేసుకునేవాళ్ళలో కొందరికి పొడి దగ్గు ఎందుకొస్తుందమ్మా అని అడిగాను. ఆ గ్రూపు మందులన్నీ గడగడా చెప్పింది కానీ ఎందుకో చెప్పలేకపోయింది. పాత ఆన్సర్ షీటు వెనక బొమ్మ గీశాను. బీపీ పెంచే యాంజియోటెన్సిన్‌ను తయారుచేసే ఎంజైమే బ్రాడీకినిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టేది కూడా, ఎనలాప్రిల్ ఆ ఎంజైమ్‌ను ఆపితే బ్రాడీకినిన్ పేరుకుంటుంది, దగ్గు రేగుతుంది. అంతవరకే చెప్పాను. ఆ పిల్ల నా చేతిలోంచి పెన్ను తీసుకుని "అయితే ఇంకో బీపీ మందు లోసార్టాన్ యాంజియోటెన్సిన్ అతుక్కునే రిసెప్టర్ దగ్గర కదా మేడం ఆపేది, అందుకే దాంతో దగ్గు తక్కువ" అని మిగతా బొమ్మ తనే పూర్తి చేసింది.

ఇంటర్వ్యూల్లో చూసేది ఇదే, ఎందుకంటే అక్కడ చేయాల్సిన పని కూడా ఇదే. ఫార్మకోవిజిలెన్స్‌లో మందు వల్ల ఇబ్బంది వచ్చిందని ఒక కేసు వచ్చిందంటే పేషెంటు ఎవరు, చెప్పింది ఎవరు, ఏ మందు మీద అనుమానం, ఏం జరిగింది, ఈ నాలుగూ ఉన్నాయా అని చూడాలి. తర్వాత మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఇబ్బంది ఎప్పుడొచ్చింది, ఆపితే తగ్గిందా, మళ్ళీ ఇస్తే తిరిగొచ్చిందా. ఇదంతా డేటా ఎంట్రీ అనుకుని వెళ్ళేవాళ్ళే మొదటి రౌండులో ఆగిపోతున్నారు. మన దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం నడుస్తోంది, మామూలు జనం కూడా 1800-180-3024కి ఫోన్ చేసి మందు పడలేదని చెప్పొచ్చు. క్లినికల్ రీసెర్చ్, మెడికల్ రైటింగ్, టీచింగ్, అన్నిట్లోనూ ఇదే బుర్ర కావాలి. కాకపోతే కంపెనీ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లోనే, ఊరు వదలక తప్పదు.

ఇప్పటికే ఫీజు కట్టేసి టెన్షన్ పడుతున్నారా? మీ ఇంట్లో వాడే మందుల డబ్బా తెరవండి. ఒక్కో మందు ఎక్కడ పనిచేస్తుంది, ఒంట్లోంచి ఎలా పోతుంది, ఎవరికి ఇవ్వకూడదు, ఒక్కో పేజీ మీ మాటల్లో రాయండి. అవ్వ షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్‌తో మొదలుపెట్టండి. అది దాదాపు ఏమీ మారకుండా కిడ్నీల గుండా బయటికి పోతుందని రాసేసరికి, కిడ్నీలు బాగాలేనివాళ్ళకు డాక్టర్ డోసు ఎందుకు తగ్గిస్తారో మీకే తెలిసిపోతుంది.