హైడ్రోజన్ లారీకి యూరియా ట్యాంకు ఎందుకు?

హైడ్రోజన్ మండితే నీరే వస్తుంది. అయినా ఆ ఇంజిన్ల పక్కన డీజిల్ లారీల మాదిరే యూరియా ట్యాంకు కనిపిస్తుంది. తప్పు ఇంధనానిది కాదు, గాలిది. సిలిండర్‌లో వేడి సుమారు 1,800 కెల్విన్ దాటితే గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నాక్స్ అనే కాలుష్య వాయువులు అవుతుంది.

1807లో హైడ్రోజన్ ఇంజిన్‌కు పేటెంట్ పొందిన ద రివాజ్‌కు ఈ బాధ లేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం అసలు తలనొప్పి బ్యాక్‌ఫైరే, అంటే ఇంధనం సిలిండర్‌లోకి వెళ్లకముందే అంటుకోవడం. 0.02 మిల్లీజౌల్‌కే అంటుకునే వాయువిది. స్పార్క్ ప్లగ్ కొన ఎర్రగా కాలి ఉన్నా గాలి లోపలికి వెళ్లే గొట్టం మానిఫోల్డ్‌లోనే పేలుతుంది.

నాక్స్ గొడవంతా లాంబ్డాలో ఉంది, అంటే కావాల్సిన గాలికి ఎన్ని రెట్లు ఇస్తున్నామన్న లెక్కలో. కిలో హైడ్రోజన్‌కు 34 కిలోల గాలి చాలు. అది లాంబ్డా 1. గాలి కాస్త పెరిగి 1.1–1.3కు చేరితే మంట వేడి పెద్దగా తగ్గదు, పైగా ఆక్సిజన్ మిగులుతుంది. నాక్స్ విజృంభించేది అక్కడే. 2 దాటితే దాదాపు ఉండదు. 2006లో ప్రకటించిన బీఎండబ్ల్యూ హైడ్రోజన్ 7 కారు తక్కువ లోడ్‌లో గాలి బాగా ఎక్కువగా, ఎక్కువ లోడ్‌లో లాంబ్డా 1 దగ్గర నడిచేది. 1 దగ్గర, పొగను శుభ్రం చేసే త్రీవే క్యాటలిస్ట్‌లో మిగిలిన హైడ్రోజనే నాక్స్‌ను విడగొడుతుంది. మధ్యలో ఆగడం మాత్రం నిషిద్ధం.

లారీకి ఆ గెంతు కష్టం. పూర్తి లోడ్‌లో గంటల తరబడి లాంబ్డా 1 అంటే వేడి, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం). అందుకే గాలిని లోపలికి నెట్టే పెద్ద టర్బోతో 2కు పైనే నడుపుతారు. డ్రైవర్ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే టర్బో అందుకునేలోపు గాలి చాలదు, నాక్స్ ఎగిసిపడుతుంది. వేగం, లోడ్ మారుతుండే యూరో 6 ట్రాన్సియెంట్ పరీక్షలో (ఐరోపా ఉద్గార ప్రమాణం) నాక్స్ పరిమితి కిలోవాట్-అవర్‌కు 460 మిల్లీగ్రాములు. పొగలో యూరియా చల్లి, క్యాటలిస్ట్ మీద నాక్స్‌ను నైట్రోజన్, నీరుగా మార్చే ఎస్‌సీఆర్ వచ్చింది ఇందుకే.

దానికీ చిక్కులున్నాయి. లాంబ్డా 2.5 దగ్గర పొగలో సుమారు 15 శాతం ఆవిరే. వేడి మీద అది ఎస్‌సీఆర్‌లోని జియోలైట్ క్యాటలిస్ట్‌ను అరగదీస్తుంది. పొగ చల్లగా ఉంటే యూరియా విడిపోక పైపులో తెల్లగా గడ్డకడుతుంది. మండని హైడ్రోజన్ కోసం ముందు ప్లాటినం క్యాటలిస్ట్ పెడితే, తక్కువ వేడిలో అది నాక్స్‌ను కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడెక్కించే వాయువది. ఇంజిన్ ఆయిల్ కాలిన మసి వేరే.

ఇక నిర్వచనం సంగతి. 2019 ఐరోపా నిబంధనలో ఇంజిన్ ఉన్న భారీ వాహనం ‘సున్నా ఉద్గార’ అనిపించుకోవాలంటే కిలోవాట్-అవర్‌కు గ్రాము కంటే తక్కువ కార్బన్ డయాక్సైడ్ రావాలి. యూరియాలోనూ కార్బన్ ఉంది: గ్రాము నాక్స్‌ను విడగొట్టాలంటే దాదాపు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. అంటే ఇంజిన్ 2 గ్రాముల నాక్స్ వదిలితే యూరియా ఒక్కటే ఆ హద్దును నింపేస్తుంది. 2024 సవరణ ఆ కొలతనే మార్చి, టన్ను సరుకును కిలోమీటరు మోసినందుకు 3 గ్రాములు అంది.